కొమురక్క ఎత్తని ఫోన్

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం నుంచి నేనొక బరువు మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియదు. తింటున్నాను, నవ్వుతున్నాను, పెళ్ళిళ్ళకు పోయి ముందు వరసలో కూర్చుంటున్నాను. మా ఆయనకు చెప్పలేదు. కన్నబిడ్డకు చెప్పలేదు. దేవుడికి కూడా సూటిగా చెప్పలేదు. తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ మన్నించు స్వామీ అని, దీన్ని కూడా ఆ గుంపులో కలిపేసి మొక్కాను. తెలియక చేసింది కాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను. నా పేరు అడగకండి. ఇందులో ఉన్న పేర్లు కూడా మార్చాను.

వినడానికి పెద్ద సంగతేం కాదు. ఒక ఫోన్ కట్ చేశాను. అది నా ఫోన్ కాదు. అంతే. ఎవరినీ చంపలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. ఈ మాటలు నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. చెప్పుకున్నప్పుడల్లా కాస్త ఊపిరి ఆడేది. మళ్ళీ గోడ అవతల కొమురక్క దగ్గినట్టో, గిన్నె కడిగినట్టో వినబడగానే మొదటికొచ్చేది.

మాది గోదావరిఖని. మా ఆయన బొగ్గుబాయిలో ఫిట్టర్. పెళ్ళైన నాటి నుంచి కంపెనీ క్వార్టర్లోనే కాపురం. నేను ఇంటర్ పాసై డిగ్రీలో చేరిన ఏడాదే పెళ్ళి చేశారు. చదువుకున్న కోడలు వచ్చిందని అత్తగారింట్లో నాలుగు రోజులు చెప్పుకున్నారు. ఆ తర్వాత నా చదువు ఏ అటక మీదికి పోయిందో నాకే తెలియదు. ఇరవై ఏళ్ళు నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని తప్ప నాతో ఎవరికీ మాట లేదు.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక అంతా మారింది. గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం, రైలు టికెట్, దవాఖానలో టోకెన్, అన్నీ నేనే నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. మిక్సీ తిరగకపోతే వీడియో చూసి విప్పేదాన్ని. నల్లా కారినా, ఫ్యాన్ మెల్లగా తిరిగినా గల్లీలో వాళ్ళు నా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. పెన్షన్ కోసం బతికే ఉన్నామని ఏటా ఫోన్‌లో మొహం చూపించాలి కదా, చివరి క్వార్టర్ మల్లవ్వను కూర్చోబెట్టి కళ్ళు మూసి తెరువవ్వా అంటే, ఆమె కళ్ళు మూసి ఫోన్‌కు దండం పెట్టేది. నవ్వలేక చచ్చేదాన్ని. ఆన్‌లైన్ చెల్లె అని నాకు పేరు పెట్టారు. వెక్కిరింపుగా మొదలైంది, తర్వాత మర్యాదైపోయింది. బతుకమ్మ ఆడేటప్పుడు నేను వచ్చేదాకా ఆగేవాళ్ళు. మా ఆయనను కూడా షిఫ్టులో ఆన్‌లైన్ చెల్లె పెనిమిటని గుర్తు పట్టేవాళ్ళట. ఆయనకది నచ్చలేదు. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. తీసుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. పైసల కోసం చేసేవాళ్ళకు పని అయిపోగానే మనిషితో పని ఉండదు. నాకు కావాల్సింది వేరే. వాళ్ళు రావాలి. గుమ్మం దగ్గర నిలబడి అడగాలి. నేను కాసేపు ఆగి, కొంచెం మొహం చిట్లించి, సరే ఇటివ్వు చూస్తా అనాలి. ఆ కాసేపు ఆగడంలో ఉన్న రుచి నేను తిన్న ఏ తిండిలోనూ లేదు.

ఇక కొమురక్క. మా పక్క క్వార్టర్. ఇద్దరిదీ ఒకటే గోడ. నాకంటే పెద్దది. ఆమె భర్త లింగయ్య బావ బాయి లోపల పని. పిల్లల్లేరు. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆ తమ్ముడు ఓదెలు గోలేటి బాయిలో ఉద్యోగం, అక్కడే కంపెనీ క్వార్టర్లో భార్యతో, కొడుకు శీనుతో ఉండేవాడు. ఆమెకు కొడుకన్నా, తమ్ముడన్నా, పుట్టిల్లన్నా ఓదెలే. పుట్టింటి తరఫున ఆమె ఒళ్ళో ఒడిబియ్యం పోయడానికి వచ్చాడంటే గల్లీ మొత్తానికీ తెలిసేది. కొత్త చీర కట్టుకుని, ఒళ్ళో బియ్యంతో, అందరికీ కనబడేట్టు గుమ్మంలోనే కూర్చునేది. నేను బాలింతగా ఉన్నప్పుడు మా అత్త మొహం చాటేస్తే నాకు వేడినీళ్ళు పోసింది, పథ్యం వండిపెట్టింది ఈ కొమురక్కే. ఇది కూడా రాయాలి. దాచితే సగమే ఒప్పుకున్నట్టవుతుంది.

ఆమెకు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది ఓదెలే. రోజూ మొహాలు చూసుకుందాం అక్కా అన్నాడట. ఆమె తెచ్చి నా చేతిలో పెట్టి, నేర్పు చెల్లె అంది. నేర్పాను. మొదట్లో సంతోషంగానే నేర్పాను. నేననుకున్నదేమంటే, ఐదో తరగతి చదివిన మనిషి, ఎంత నేర్చుకుంటుందిలే అని. ఆమె నెల తిరక్కుండా గ్యాస్ బుక్ చేసింది. కరెంటు బిల్లు ఎట్లా కట్టాలో రెండోసారి అడగలేదు. నేను ఫోన్ పట్టుకుంటే ఆమె నా వేలి వంక చూసేది, నా మొహం వంక కాదు. అట్లా చూసేవాళ్ళు నేర్చుకుంటారు. నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఒకరోజు వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. మల్లవ్వ ఫోన్ పట్టుకుని వస్తున్నది. చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చాను. మల్లవ్వ నా గుమ్మం దాటి పోయింది. కొమురక్క తలుపు తట్టింది. లోపలి నుంచి ఇద్దరూ నవ్విన నవ్వు గోడలోంచి వినబడింది.

కడుపు రగిలిపోయింది. దీనికి వేరే మాట లేదు. ఒక ముసలామె గ్యాస్ బండ కోసం నా దగ్గరికి రాకుండా పక్కింటికి పోతే నేను ఆ పూట అన్నం తినలేదు. మీరు నవ్వండి, పరవాలేదు.

తర్వాత కొద్ది రోజులకే కొమురక్క కంగారుగా వచ్చింది. ఫోన్ పోవడం లేదు, రావడం లేదు, ఏందో అయిందని. తీసుకుని చూశాను. పైన చిన్న విమానం గుర్తు. వేలు తగిలి ఉంటుంది. మళ్ళీ ఒక్కసారి నొక్కితే పోతుంది. ఆమెకు చూపిస్తే చాలు, జన్మలో మర్చిపోదు. చూపించలేదు. మొహం పాలిపోయినట్టు పెట్టాను. ఏం నొక్కినవక్కా అని అరిచాను. ఇంకొంచెమైతే బ్యాంకుల ఉన్నదంతా ఊడ్చుకపోయేటోళ్ళు అన్నాను. ఫోన్ నా దగ్గరే ఉంచుకుని సాయంత్రం దాకా తిప్పలు పడ్డట్టు నటించి, చీకటి పడే వేళకు తిరిగిచ్చాను. నన్నడగకుండ ఏదీ నొక్కకు, తెల్వని నంబర్ నుంచి మొహాలు కనబడే బొమ్మల ఫోన్ వస్తే అస్సలు ఎత్తకు, నీ మొహం ఫోటో తీసి ఆగం చేస్తరు అని గట్టిగా చెప్పాను. అందులో కొంత నిజమే. అట్లాంటి మోసాలు జరుగుతున్నాయి. కొంత నిజం ఉన్న అబద్ధం ఎంత గట్టిగా నిలబడుతుందో నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు నాకోసం కోడికూర వండి తెచ్చింది. నీ వల్ల బతికినం చెల్లె అంది. తిన్నాను. బాగుంది.

అప్పటి నుంచి ఆమె ఫోన్‌ను దస్తీ గుడ్డలో చుట్టి దేవుడి పటాల దగ్గర పెట్టుకుంది. తమ్ముడిదో శీనుదో ఫోటో వస్తే తప్ప ఎత్తేది కాదు. మిగతా ప్రతిదానికీ ఆ దస్తీ మూట పట్టుకుని నా గుమ్మంలో నిలబడేది. మల్లవ్వ కూడా నా దగ్గరికే వచ్చింది. నాకు కావాల్సింది నాకు దక్కింది.

ఆ ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. ఊళ్ళన్నీ తలుపులు వేసుకున్నాయి గానీ బాయి ఆగలేదు. బొగ్గు లేకపోతే కరెంటు లేదు కదా, మొగవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని దిగేవాళ్ళు. గోలేటిలో ఓదెలుకు అంటుకుంది. ముందు అక్కడి దవాఖాన, తర్వాత హైదరాబాద్. లోపలికి ఎవరినీ రానివ్వరు. శీను బయట రోడ్డు మీద పడి ఉన్నాడు. పొద్దున్నో సాయంత్రమో కొమురక్కకు ఒక ఫోన్ చేసేవాడు, అట్లనే ఉన్నడు అత్తా అని. ఆమె పోలేదు, చూడలేదు. గుమ్మంలో కూర్చుని రోడ్డు వంక చూసేది.

ఆ రోజు మొదటి షిఫ్టు. మా ఆయన, లింగయ్య బావ ఇద్దరూ దిగిపోయారు. బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, బావ ఫోన్ ఇంట్లోనే చార్జింగ్‌కు ఉంటుంది. నేను టీకా స్లాట్ల కోసం కూర్చున్నాను. గల్లీ వాళ్ళందరి ఆధార్ కార్డులూ ముందు పరుచుకున్నాను. స్లాట్లు ఎప్పుడు తెరుచుకుంటాయో తెలియదు, తెరుచుకున్నాక రెప్ప వేస్తే అయిపోతాయి. అప్పుడొచ్చింది కొమురక్క. దస్తీ లేదు, ఫోన్ చేతిలోనే ఉంది, మోగుతూనే ఉంది.

"చెల్లే, జల్ది సూడు. ఏందో బొమ్మల ఫోన్ అస్తున్నది. తెల్వని నంబర్."

"ఎత్తినవా?"

"లే. నువ్వు ఎత్తొద్దంటివి గద." ఆమె రొప్పుతున్నది. "మా ఓదెలు దవాఖాన నుంచేమో చెల్లె? ఒక్కసారి ఎత్తి సూద్దమా?"

"దవాఖానోళ్ళు బొమ్మల ఫోన్ ఎందుకు చేస్తరక్కా? వాళ్ళకేం పని లేదా? గీ టైంలనే దొంగలు ఎక్కువైన్రు. ఎవలింట్ల రోగం ఉన్నదో కనుక్కొని మరీ చేస్తున్రు."

"గట్లనా?"

"మరి? ఎత్తినవంటే ఖతం."

"ఏమో చెల్లె. నీకెర్క. నాకేం తెల్సు."

నేను ఫోన్ తీసుకున్నాను. నంబరు పైన గుండ్రంగా ఒక ఫోటో. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి. చూశాను. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, నేను చూశాను. ఎర్రగుర్తు నొక్కి కట్ చేశాను. నా చేతిలో ఉండగానే మళ్ళీ మోగింది. అవతల నా ఫోన్‌లో స్లాట్లు తెరుచుకున్నాయి. చిరాకు నెత్తికెక్కింది. మళ్ళీ కట్ చేసి ఆ నంబరును బ్లాక్ చేశాను. ఇగ రాదు పో, ఫికర్ చెయ్యకు అన్నాను.

ఆమె పోలేదు. గడప దగ్గర నిలబడి, "నిజంగ దొంగలేనా చెల్లె?" అని అడిగింది.

"నా మీద నమ్మకం లేదా?"

సిగ్గుపడినట్టు నవ్వి వెళ్ళిపోయింది. నాకు ఆ రోజు స్లాట్లు దొరికాయి. గల్లీ అంతా నన్ను మెచ్చుకుంది.

దొంగలేనని నేను నిజంగా నమ్మానా? ఎన్నో రాత్రులు నన్ను నేను నిలదీసుకున్నాను. దొంగలు కూడా తెల్లకోటు ఫోటో పెట్టుకోవచ్చు, అది నిజం. కానీ ఆ క్షణంలో నా మనసులో మెదిలింది దొంగలు కాదు. మెదిలింది ఇది: ఇప్పుడు ఎత్తి, అది దవాఖాన ఫోనే అయితే, ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా ఉత్తదని కొమురక్కకు తెలిసిపోతుంది. ఎత్తడం ఇంత సులువని తెలిసిపోతుంది. ఆమె అనుమానం సరైనదవుతుంది, నా తెలివి తప్పవుతుంది. నాకు తెలియదు, ఎత్తి చూద్దాం పట్టు అనే ఒక్క మాట నా నోట రాలేదు. తెలియదు అనడానికి చదువు అక్కర్లేదు. తెలియదనలేని చదువు నాది.

ఆ సాయంత్రం శీను మామూలు ఫోన్ చేశాడు. నాయినకు ఊపిరి మిషన్ పెట్టిన్రు అత్తా, మాట్లాడేటట్టు లేడు అని చెప్పి పెట్టేశాడు. గోడ అవతల ఆమె ఏడుపు విన్నాను. పొద్దున మోగింది దవాఖాన ఫోనేనని అప్పుడే అర్థమైంది. అర్థమైనా లేచి పోలేదు. మిషన్ పెట్టాక ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఓదెలు మళ్ళీ నోరు తెరవలేదు. పోయాడు. అక్కడే కాల్చేశారు. ఎవరూ పోలేదు, ఎవరినీ రానివ్వలేదు.

దినాలు అయ్యాక శీను ఫోన్ చేశాడు. ఫోన్ అనగానే నా దగ్గరికే తెస్తుంది కదా, అప్పుడూ తెచ్చింది. స్పీకర్ పెట్టింది నేనే. ఆ పిల్లవాడి గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. "మిషన్ పెట్టేముందు నాయిన నిన్నడిగిండత్తా. మా అక్కను సూపియ్యున్రి అన్నడట. నేను ఇంజక్షన్ కోసం ఊరంత తిరుగుతున్న. నీ నంబర్ నర్సమ్మకు ఇచ్చే పోయిన. ఆమె పాపం చేస్తే నువ్వు కట్ చేసినవ్. రెండుసార్లు కట్ చేసినవ్. బ్లాక్ కొట్టినవ్. కరోనా ఫోన్ల నుంచి గూడ అంటుకుంటదనుకున్నవా అత్తా?"

శీను ఫోన్ పెట్టేశాడు. కొమురక్క నా వంక తిరిగింది. ఆ చూపును మీకు ఎట్లా చెప్పాలి? అందులో అనుమానం లేదు. ఉంటే నేను అక్కడే ఆమె కాళ్ళ మీద పడిపోయేదాన్ని. మిక్సీ పాడైనప్పుడు, బిల్లు ఎక్కువొచ్చినప్పుడు గల్లీలో వాళ్ళంతా నా వంక ఎట్లా చూస్తారో అట్లా చూసింది. ఇదెట్లయిందో నువ్వే చెప్పు అన్నట్టు.

చెప్పాను. నేను ఆన్‌లైన్ చెల్లెను కదా, చెప్పకుండా ఎట్లా ఉంటాను? నేను కట్ చేసింది దొంగల నంబరే అక్కా అన్నాను. దవాఖాన ఫోన్ ఆ తర్వాత వచ్చి ఉంటది, నీకు తెల్వకుంట నువ్వే ఏదో నొక్కి ఉంటవ్, అప్పట్లెక్కనే అన్నాను. ఆగు, నేను సూస్త అని ఫోన్ తీసుకుని మా వంటింట్లోకి పోయాను. బ్లాక్ చేసిన నంబరు ఒక్కటే ఉంది. తీసేశాను. ఆ రోజు వచ్చిన కాల్స్ చెరిపేశాను. ఇవతలికి వచ్చి, అవునక్కా, నీ చెయ్యే తగిలినట్టున్నది అన్నాను.

ఆమె తన కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది. పాపిష్టి చెయ్యి అంది.

శీనుకు ఆమె ఏ సాకూ చెప్పలేదు. మళ్ళీ మాట్లాడినప్పుడు నా చెయ్యి తగిలింది బిడ్డా అంది. అతను నమ్మలేదు. గోలేటి తలుపు ఆమెకు అప్పటితో మూసుకుపోయింది. తమ్ముడు పోయినా మరదలో మేనల్లుడో ఒడిబియ్యం పోస్తారు, అది మా దిక్కు పద్ధతి. ఎవరూ రాలేదు. వేరే ఇళ్ళల్లో ఒడిబియ్యం అంటే ఆమె తలనొప్పని పోవడం మానేసింది. తర్వాత శీనుకు పెళ్ళయింది. మేనత్తకు పిలుపు లేదు. ఆ రోజు ఆమె నా దగ్గరికి వచ్చి, ఎవలన్న ఫోటోలు పెట్టినరా సూడు చెల్లె అంది. ఎవరిదో స్టేటస్‌లో దొరికాయి. ఒక్కొక్కటీ నేను జరుపుతుంటే ఆమె చూసింది. పెళ్ళికి తెచ్చే ఐరేని కుండలు ఇంటి ఆడబిడ్డ నెత్తిన పెట్టుకుని రావాలి. ఎవరో దూరపు చుట్టం ఆడమనిషి నెత్తిన ఉన్నాయి. కొమురక్క ఆ ఫోటో దగ్గర నా చెయ్యి పట్టి ఆపింది. కుండలు మంచిగున్నయి అంది.

నేను మారలేదా? మారాను. ఇప్పుడు ఎవరు వచ్చినా చేసి పెట్టను, వేలు పట్టుకుని నేర్పిస్తాను. మల్లవ్వ కూడా వీడియో కాల్ ఎత్తుతుంది. గల్లీ అంతా నేర్చుకుంది, ఒక్క కొమురక్క తప్ప. నేర్పిస్తా రా అక్కా అని నేనే ఎన్నోసార్లు అడిగాను. ఒకసారి మాత్రం జవాబు చెప్పింది. "నాకొద్దు చెల్లె. నేను నొక్కితే మనుషులు పోతరు." ఆ మాట విన్నాక మళ్ళీ అడగలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. ఏం అడ్డొచ్చింది? నా మర్యాద. బతుకమ్మ దగ్గర నాకోసం ఆగే నలుగురు. అంత అగ్గువకు అమ్ముకున్నాను ఆమెను.

లింగయ్య బావ మొన్న రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి, వాళ్ళ ఊరికి పోతున్నారు. సామాను కట్టడం మొదలైంది. నిన్న మధ్యాహ్నం కొమురక్క వచ్చి నా పక్కన కూర్చుంది. శీను భార్య నెల తప్పిందట, ఎవరో చెప్పారు. పోయేముందు వానికొక మాట చెప్పాలె చెల్లె, ఫోన్ చేస్తే ఎత్తుతలేడు, మాట పంపుతరు గద, గట్ల పంపు అంది. వాయిస్ మెసేజ్. దానికి మైక్ గుర్తు మీద బొటనవేలు నొక్కి పట్టాలి. మాట అయ్యేదాకా తీయకూడదు. ఆమె నొక్కదు కదా. నేను నొక్కాను. ఫోన్ ఆమె నోటికీ నా నోటికీ మధ్యన పట్టుకున్నాను.

"శీనూ, నేను బిడ్డా, అత్తను. గా దినం ఫోన్ కట్ చేసింది నేనే. కావాలని చెయ్యలే. నాకు ఫోన్ సరిగ రాదు బిడ్డా. మీ నాయిన నన్నడిగిండని నువ్వు చెప్పినంక నాకు కంటికి నిద్ర లేదు. తప్పు నాదే. నీకు బిడ్డనో కొడుకో పుడితే, నన్ను పిలువకున్నా మంచిదే, దూరం నుంచి ఒక్కసారి సూపియ్యి. చెల్లె ఎత్తుతది ఫోన్. నేను ఊరికి పోయినా ఎట్లనన్న నాకు సూపిస్తది."

ఆమె చెప్తున్నంత సేపూ నా బొటనవేలు ఆ గుర్తు మీదనే ఉంది. నేను ఒక్క మాట అంటే చాలు, ఆ మాట కూడా అందులో పడేది. శీనూ, మీ అత్త కాదు, నేను. అంతే. నేను ఊపిరి బిగబట్టుకున్నాను. నా ఊపిరి చప్పుడు కూడా అందులో పడకూడదని. ఆమె కళ్ళు తుడుచుకుని, అయింది చెల్లె అంది. వేలు తీశాను. పోయింది.

ఆమె ఫోన్ నా దగ్గరే ఉంచి పోయింది. శీను విన్నాడు. విన్నట్టు గుర్తు వచ్చింది. జవాబు లేదు. పొద్దున్నుంచి ఆమె సామాను కడుతూ కడుతూ గోడ మీద చేత్తో కొట్టి, ఏమన్న అన్నడా చెల్లె అని అడుగుతున్నది. ఇంకా లేదక్కా అంటున్నాను.

కట్ చేసింది నేను. బ్లాక్ చేసింది నేను. చెరిపేసింది నేను. నువ్వే నొక్కినవని చెప్పింది నేను. కొమురక్క ఏ పాపం ఎరగదు. ఇది మొదటిసారి ఒకచోట పూర్తిగా రాశాను. రాశాక ఎదలో కొంచెం తేలిగ్గా ఉంది. ఆ తేలిక నాదొక్కదానిదే, గోడ అవతలికి పోలేదు. ఆమె మళ్ళీ గోడ కొడుతున్నది.